సైటులా అంటే

ఆ వీధిలో ఆవిడను అందరూ ప్రూఫు పిన్ని అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, చదివే పిల్లలు చాలక ఆ శాఖను మూసేశాక, వీధి చివర లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫుల్లో తప్పులు దిద్దే పనికి కుదిరింది. కప్పల్ని కోసిన చేత్తో ఇప్పుడు అక్షరాల్ని కోస్తున్నానని తనే నవ్వేది. ఒకసారి దగ్గుమందు సీసా మీద పడాల్సిన 'మూడు చెంచాలు' కాస్తా 'ముప్పై చెంచాలు' అయి కూర్చుంటే పట్టుకున్నది ఆవిడే. అప్పటినుంచి ఆవిడ ఎర్ర పెన్సిలు సంతకం పడనిదే ప్రెస్సాయన ఏ కాగితాన్నీ మిషనెక్కనిచ్చేవాడు కాదు.

ప్రెస్సుకు సరిగ్గా ఎదురుగా ఆవిడ బావగారి బేకరీ. అక్క కౌంటర్లో కూర్చుంటుంది, బావ లోపల పొయ్యి దగ్గర ఉంటాడు. రోజూ నాలుగ్గంటలకు అక్క ఒక కేకు ముక్కను కాగితంలో చుట్టి, రోడ్డు దాటి తనే తెచ్చి ఇచ్చిపోయేది. మూడు నెలలుగా ఆ కేకు మరీ మెత్తగా, మరీ పచ్చగా ఉంటోంది. వెనిలా ఘాటు మాత్రం కాస్త ఎక్కువే. "బావ చెయ్యి తిరిగిందే అక్కా" అని పిన్ని మెచ్చుకుంటూ, వేళ్ళకంటిన పొడి కూడా వదిలేది కాదు.

ఒకరోజు పొద్దున బల్ల మీదికి కొత్త ప్రూఫు వచ్చింది. పెద్ద డబ్బాలకు అంటించే లేబులు. ఊరి బయట గుడ్ల కంపెనీ ఒకటుంది. గుడ్లు పగలగొట్టి, సొన తీసి, డబ్బాలకెత్తి బేకరీలకు పంపుతుంది. ఇన్నాళ్ళూ ఆ డబ్బాల మీద ఏమీ ఉండేది కాదు. తినే సరుకు ఏదైనా సరే, లోపల ఏముందో పైన రాసి తీరాలని ఆహార శాఖ కొత్తగా ఉత్తర్వు వేయడంతో ఈ లేబులు పుట్టింది.

"సైటులా ప్రీమియం. పదార్థాలు: సైటులా నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు, ఉప్పూ పసుపు రంగూ కలిపి ఒక పాలు."

పిన్ని పెన్సిలు ఆగిపోయింది. ముందు అచ్చుతప్పేమో అనుకుంది. తర్వాత ఎవరి ముద్దుల కూతురి పేరో అనుకుంది. ఆ తర్వాత, ఎప్పుడో అటక మీద పడేసిన సామాను ధనామని నెత్తిమీద పడ్డట్టు, ఆ మాట గుర్తొచ్చింది.

కాలేజీ లైబ్రరీలో చెదలు తిన్న పాత పుస్తకం ఒకటి ఉండేది. అందులో కనిపించిన మాట అది. కోడిపెట్ట అండంలో పుంజు బీజం కలిసిన క్షణం నుంచి, ఆ కలిసిన కణం రెండుగా చీలేదాకా, ఆ ఒక్క కణానికి పెట్టిన పేరు సైటులా. డొల్లగా ఉండే పాత్ర అనే గ్రీకు మాటను చిన్నది చేసి, ముద్దు చేసి పిలిచారన్నమాట. తర్వాత శాస్త్రజ్ఞులు వేరే మాటలు వాడుకోవడంతో అది మూలపడింది. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు కునికిపాట్లు పడుతుంటే వాళ్ళను లేపడానికి పిన్ని అలాంటి మాటలు ఏరుకొచ్చి చెప్పేది. "ఈ మాట తెలిసినవాళ్ళు ఊరు మొత్తానికి పదిమంది ఉండరర్రా, మీతో కలిపి!" అనేది.

గుడ్ల డబ్బా మీద ఆ మాట ఎందుకున్నట్టు? పేరుకైతే సోకు అనుకోవచ్చు. పదార్థాల్లో కూడా ఎందుకు రాసినట్టు? అమ్మే గుడ్లలో పుంజు ఊసే ఉండదు కదా! అనుమానం వచ్చాక పిన్నిని ఆపడం ఎవరి తరమూ కాదు. లేబులు కింద ఉన్న నంబరుకు ఫోను చేసింది.

"స్పెల్లింగు సరిచూసుకుందామని చేశానండి. సైటులా అని..."

అవతలివైపు ఆనందం పట్టలేని గొంతు. "మేడమ్! మీరేనా? నేను మేడమ్, మీ స్టూడెంటుని! కప్పని కొయ్యమంటే కళ్ళు తిరిగి పడిపోయానే, వాణ్ణి! ఇక్కడ మేనేజర్ని ఇప్పుడు. ఆ మాట మీరు చెప్పిందే మేడమ్. ఒక్కసారి రండి, మా ఫ్యాక్టరీ చూద్దురుగాని. వ్యాను పంపిస్తాను."

పాత శిష్యుడు అంత ఆప్యాయంగా పిలిచేసరికి పిన్నికి ముచ్చటేసింది. వ్యానెక్కింది.

కంపెనీలో రెండు షెడ్లున్నాయి, మధ్యలో ఒక తలుపు. మొదటిది గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే హేచరీ. మేనేజరు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఎదురొచ్చి, రెండు చేతులూ జోడించి, ఆవిడ తలకు ప్లాస్టిక్ టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు తనే దగ్గరుండి ఇప్పించాడు. చీకటి గదిలో ఐదారుగురు ఆడవాళ్ళు దీపాల ముందు కూర్చుని, పది రోజులు పొదుగు యంత్రంలో ఉండి వచ్చిన గుడ్లను ఒక్కొక్కటే వెలుగుకు ఆనించి చూస్తున్నారు. కొన్నింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యన చిన్న నలక కదులుతోంది. అవి మళ్ళీ యంత్రంలోకి పోతున్నాయి. కొన్నింటిలో కదలిక లేదు. లోపల నెత్తురు ఉంగరంలా గడ్డకట్టి ఉంది. అవి పక్కనున్న నీలం ట్రేల్లోకి.

ఎన్నేళ్ళయిందో ఇది చూసి! పిన్ని కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూసింది. "ఇదిగో, పదో రోజుకి ముక్కు తెలుస్తుంది చూడు" అని పక్కనున్నామెకు పాఠం కూడా చెప్పింది. అంతలో నీలం ట్రేలు ఒక బండి మీదికెక్కి మధ్య తలుపులోంచి అవతలికి పోవడం కనిపించింది.

"అవి ఎక్కడికి? ఎరువుకా?"

"భలేవారే మేడమ్! రండి, అసలు సంగతి అక్కడే ఉంది."

తలుపు తెరవగానే ముందు వాసన వచ్చింది. నీచు వాసన అంటే చాలదు. మూతపడిన మురుగుకాలవలో ఎవరో తీపి కలిపినట్టుంది. పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే అది కొంగుకు కూడా పట్టేసింది. గది నడుమ ఒక యంత్రం గుడ్లను పెంకుతో సహా నలిపి పిండుతోంది. పిండిన సొన వెడల్పాటి జల్లెడ మీద పడుతోంది. పచ్చగా లేదది. బూడిద రంగులో, మధ్య మధ్య గులాబీ చారలతో, నురగ కక్కుతూ జారుతోంది. జల్లెడ మీద మిగిలినవాటిని ఒకావిడ రేకుతో గీకి బకెట్లోకి తోస్తోంది. నెత్తురు గడ్డలు. తడిసి ముద్దయిన దారప్పోగుల్లాంటి నూగు. ఆవగింజంత నల్లటి కళ్ళు, జతలు జతలుగా.

జల్లెడ దిగిన సొన పైపులో నడిచి, వేడెక్కి, అవతలి కొసన పసుపు రంగు చుక్కలు కలుపుకుని, బంగారంలా మెరుస్తూ డబ్బాల్లో పడుతోంది.

పిన్ని వాంతి ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. రబ్బరు బూట్ల మీదనే భళ్ళున కక్కుకుంది.

జల్లెడ దగ్గరున్నామె రేకు పక్కన పెట్టి వచ్చి నీళ్ళిచ్చింది. "కొత్తలో అందరికీ ఇంతేనమ్మా. నేను వారం రోజులు అన్నం ముట్టలేదు."

"నువ్వు బేకరీలో ఏమైనా కొనుక్కుంటావా అమ్మా?"

"ఊరుకోండి! మా ఇంట్లో పుట్టినరోజు కేకు మానేసి మూడు నెలలైంది. పిల్లలడిగితే పళ్ళు పాడవుతాయని చెబుతున్నా."

మేనేజరు మాత్రం చెక్కు చెదరలేదు. "మరీ అంత పీల్చకండి మేడమ్. వేడి చేస్తాం కదా, క్రిములన్నీ చచ్చిపోతాయి."

"చచ్చిన క్రిములతో సహా తినమనా?"

"ల్యాబు కాగితాలున్నాయి మేడమ్. మూడు నెలల కిందటిదాకా ఈ గుడ్లన్నీ గుంటలో పారబోసేవాళ్ళం. ఈ ఆలోచన నాదే. అయితే కొత్త ఉత్తర్వొచ్చి, ఉన్నది ఉన్నట్టు రాయండన్నారు. ఓనరు తల పట్టుకున్నాడు. అప్పుడు మీరే గుర్తొచ్చారు." అతని మొహం చేటంత అయింది. "ఉన్నదే రాశాం. అబద్ధం ఒక్క అక్షరం లేదు. పుంజు కలిసిన గుడ్డు కాబట్టి సైటులా. చదివినవాడికి తెలియకపోతే మా తప్పేముంది? మీ పాఠం ఊరికే పోలేదు మేడమ్!"

అతను నిజంగానే ఆవిడ మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. అది చూసి పిన్నికి ఒళ్ళంతా గొంగళి పురుగులు పాకినట్టయింది. ఇందాకటి కంపు ముక్కుకే పట్టింది, ఈ మెప్పు లోపలిదాకా దిగింది. పాఠం చెప్పిన నోరు తనది. ఎవరి మీద ఉమ్మేస్తుంది?

గుమ్మం దగ్గర, పంపడానికి వరసగా పెట్టిన డబ్బాలున్నాయి. సుద్దముక్కతో ఒక్కో డబ్బా మీద ఒక్కో బేకరీ గుర్తు వేసి ఉంది. మూడో వరసలో గుండ్రంలో గంట బొమ్మ. అది బావగారి బేకరీ గుర్తు. మేనేజరు ఆవిడ చూపు పట్టేశాడు. "మీ వీధి వాళ్ళే మేడమ్. మూడు నెలలుగా మన దగ్గరే తీసుకుంటున్నారు."

మూడు నెలలు. రోజుకొక ముక్క. వేళ్ళు కూడా నాకింది. తిరుగు వ్యానులో కిటికీ అద్దం దించుకుని, తల బయటపెట్టి కూర్చుంది పిన్ని. దారిలో రెండుసార్లు బండి ఆపించింది.

ఆవిడ వ్యాను దిగేసరికి బావ చేతిలో కుంచెతో బేకరీ అద్దం మీద పేరు రాస్తున్నాడు. 'సైటు' వరకూ వచ్చింది.

"రా మరదలా! సమయానికొచ్చావు. తర్వాత 'లా'నా, 'ళా'నా? కొత్త కేకుకి పేరు పెడుతున్నా. గుడ్ల వ్యాను డ్రైవరు చెప్పాడు, డబ్బాలకి ఇక ఈ పేరేనట. వినడానికి పువ్వు పేరులా లేదూ?"

"పువ్వు కాదు బావా. పిండం."

ఆవిడ అక్కడే, మెట్టు మీద నిలబడే, చూసినదంతా చెప్పింది. జల్లెడ దగ్గరికి వచ్చేసరికి కౌంటర్లో అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం కుంచెను కిరసనాయిల్లో ముంచి కడగడం మొదలుపెట్టాడు. కడిగిందే కడుగుతున్నాడు. తేలు కుట్టిన దొంగలాంటి ఆ వాలకం చూసి పిన్నికి అర్థమైంది.

"మీకు తెలుసా బావా?"

"ఏం తెలుసు? లోపలేముందో నాకేం తెలుసు? మూత తీస్తే కాస్త వాసనొచ్చేది. నిలవ సొన కదా, రాదా? ఇంకాస్త వెనిలా పోస్తే సర్దుకునేది."

"అందుకా ఆ ఘాటు!" అంది అక్క.

"ఇదిగో, నువ్వు మొదలెట్టకు. మూడు నెలల్లో ఒక్కడికైనా కడుపునొప్పి వచ్చిందా? తినేవాడికి రుచి కావాలి గానీ అర్థాలెందుకు? మీ చెల్లెలొక పుస్తకాల పురుగు..."

అక్క అద్దాల బీరువాలోంచి కేకు తీసి, పెద్ద ముక్క కోసి, పళ్ళెంలో పెట్టి, మొగుడి ముందు పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకు ఎదురు చెప్పినట్టు ఎవరూ చూడలేదు.

"తినండి."

"ఇప్పుడా? ఆకలిగా లేదు."

"మీరు తినగా చూసి ఎన్నాళ్ళయింది? నేను తిన్నాను. మా చెల్లి తింది. వీధిలో పసిపిల్లలు తిన్నారు. మీరు ఒక్కనాడూ నోట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు తినండి. నేను చూస్తా."

బావ ముక్క తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. మళ్ళీ పళ్ళెంలో పడేశాడు. ఆయన అటు తిరిగి, పిండి బస్తా మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అక్క లోపలికి పోయింది. కాసేపటికి పెరటివైపు కాలవలో డబ్బాలు ఒంపుతున్న చప్పుడు వినిపించింది. గిన్నెలూ గరిటెలూ బయట కుప్పగా పోసి, బూడిదా చింతపండూ పెట్టి, చేతులు ఎర్రబడేదాకా తోముతూనే ఉంది. ఆ రోజూ మర్నాడూ వీధంతా ఒకటే కంపు. నడిచేవాళ్ళు ముక్కులు మూసుకుని, ఎలుకేదో చచ్చిందని తిట్టుకుంటూ పోయారు. ఒక్క డబ్బాను మాత్రం పిన్ని ఆపించి, అందులోంచి ఒక సీసా నింపుకుని, మూత బిగించి ఉంచింది.

ప్రెస్సాయన గుండె అంత గట్టిది కాదు. "అచ్చుతప్పేం లేదు కదా పిన్నీ? సంతకం పెట్టేస్తే మిషనెక్కిద్దాం" అన్నాడు.

"అచ్చుతప్పు లేదు. మాటే తప్పు."

"అదంతా మనకెందుకు చెప్పు. మనం రాసిందా?"

"ఒకరకంగా నేను రాసిందే" అంది పిన్ని. ప్రూఫు మీద ఆ మాట చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసింది గానీ సంతకం పెట్టలేదు. ఆయన గడ్డం గోక్కున్నాడు, నసిగాడు. చివరికి "మిషను బెల్టు తెగిందని చెబుతాలే. వారం ఆపుతా. ఆపైన నా వల్ల కాదు" అన్నాడు. వారం చాలు.

పిన్ని ఇచ్చిన ఫిర్యాదు మీద, ఆ వారంలోనే, ఆహార శాఖ ఆఫీసులో, ఇనుప బీరువాల మధ్య ఇరుకు గదిలో, విచారణ జరిగింది. అధికారిణి నలభై ఏళ్ళావిడ. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది, మాట తక్కువ. మేనేజరు కంపెనీ తరఫున పాత నిఘంటువు ఒకటి తెచ్చి, గుర్తు పెట్టిన పేజీ తెరిచి చదివాడు. "సైటులా, ఫలదీకరణ చెందిన అండం. ఇంతకన్నా నిజం ఇంకేముంటుందండీ? ఈ మాట నాకు నేర్పింది కూడా ఆ మేడమే."

అధికారిణి పిన్నివైపు చూసింది. "మీరు నేర్పారా?"

"నేర్పాను. కానీ సగం నేర్చుకుపోయాడు" అంది పిన్ని. మాట్లాడుతుంటే పాత క్లాసు గొంతు తనంతట తనే వచ్చేసింది. "సైటులా అంటే ఒకే ఒక్క కణమండీ. పెట్ట కడుపులో పుంజు బీజం కలిసినప్పుడు పుడుతుంది. నాలుగైదు గంటల్లో రెండుగా చీలుతుంది. అక్కడితో దానికి ఆ పేరు చెల్లు. పెట్ట గుడ్డు పెట్టడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. గుడ్డు బయట పడేసరికి లోపల వేలకు వేల కణాలుంటాయి. కాబట్టి బయట పడిన ఏ గుడ్డులోనూ సైటులా ఉండదు. డబ్బాలో పోయడానికి అసలు దొరకదు. వీళ్ళు పోస్తున్నది పది రోజులు పొదిగాక చచ్చిపోయిన పిండాన్ని. దానికి కళ్ళుంటాయి. గుండె కొన్నాళ్ళు కొట్టుకుని ఆగిపోయి ఉంటుంది. జనానికి తెలియని మాట రాస్తే దాచినట్టు. ఇక్కడ దాచడమే కాదు, రాసింది కూడా అబద్ధం."

మేనేజరు నిఘంటువు పేజీని ఇంకోసారి చూసుకున్నాడు. అందులో అంత వివరం లేదు.

"మరి దీన్ని ఏమని రాయాలంటారు?" అధికారిణి కలం పట్టుకుని అడిగింది.

"మన మాటే ఉందండీ. మురిగిన గుడ్లు. చదువు రాని వాళ్ళకు కూడా చదివి వినిపిస్తే చాలు."

పిన్ని సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. అధికారిణి మూత తిప్పింది. అంత జలుబులోనూ ఆవిడ కుర్చీ చప్పున రెండడుగులు వెనక్కి జరిగింది. పక్క గదిలో టైపు కొడుతున్నాయన లేచి వచ్చి కిటికీలన్నీ తెరిచాడు. ఇంకేమీ అడగకుండానే ఆవిడ కాగితం మీద గబగబా రాసి, ముద్ర గుద్దింది. లేబులు చెల్లదు. సరుకు ఎక్కడున్నా జప్తు. పొదుగు యంత్రం లోపలికి వెళ్ళిన గుడ్డు వంటింటికి పోరాదు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చి కలిశాడు. పిన్ని తిట్లకు సిద్ధపడింది. అతను తిట్టలేదు. గొంతు తగ్గించి, క్లాసు అయిపోయాక సందేహం అడిగే పిల్లాడిలా అడిగాడు.

"మేడమ్, మిమ్మల్ని నేనేం అనను. మీ పని మీరు చేశారు. కానీ పది రోజుల దానికి, అంటే సరిగ్గా ఆ దశకి, ఎవరికీ తెలియని మాట ఇంకొకటేదైనా ఉందా? మీకు తెలియకుండా ఉండదు."

పిన్ని మెట్టు మీద ఆగిపోయింది. ఆ మొహంలో కోపం లేదు, సిగ్గు లేదు. నేర్చుకోవాలన్న ఆశే ఉంది. అలాంటి ఆశ కోసం ఇరవై రెండేళ్ళు బల్లల మధ్య వెతుక్కుంది తను. అదే ఇప్పుడు ఎదురుగా నిలబడి పళ్ళికిలిస్తోంది. మాటలు చాలానే తెలుసు ఆవిడకు. ఒక్కటీ చెప్పలేదు. రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగిపోయింది.

ఆ కంపెనీ మూతపడలేదు. చచ్చిన గుడ్లు ఇప్పుడు ఎరువుకు పోతున్నాయి, బతికినవి పిల్లలవుతున్నాయి. మేనేజరు వేరే ఊళ్ళో ఇంకేదో కంపెనీలో చేరాడని విన్నారు. బావ అద్దం మీది 'సైటు'ను బ్లేడుతో గీకేశాడు. ఇప్పుడు పొద్దున్నే గుడ్ల అట్టలు ముందు వేసుకుని, ఒక్కో గుడ్డూ గిన్నె అంచుకు కొట్టి, వాసన చూసి మరీ పోస్తాడు. మూడు నెలల కథ వీధిలో పాకడంతో గిరాకీ సగానికి పడిపోయింది. ఆ సగం చాలావరకు తిరిగి రాలేదు. ఆయన మరదలితో నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత వాన పడుతున్న ఒక మధ్యాహ్నం గొడుగు కింద తనే రోడ్డు దాటి వచ్చి, ప్రెస్సు గుమ్మంలో నిలబడి, "గుడ్డు లేకుండా చేశా" అని ఒక పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పిన్ని పొట్లం విప్పింది. పొడిపొడిగా, గట్టిగా, మాడిన అంచుతో ఉంది ముక్క. వెనిలా వేయలేదు. ఒక చిన్న తుంపు తుంచి నోట్లో పెట్టుకుంది. నాలుక మీద ఉంచుకుని చాలాసేపు కూర్చుంది. గొంతు ఒప్పుకోలేదు. రుమాల్లోకి ఉమ్మేసి, మిగిలినదాన్ని జాగ్రత్తగా మడిచి, ఎదురుగా బేకరీలోంచి బావ చూడకుండా చెత్తబుట్టలో వేసి, తర్వాతి ప్రూఫు ముందుకు లాక్కుంది.